90 రోజుల నోటీసు: కంపెనీకి ఒక లెక్క, మనకో లెక్కా?

గచ్చిబౌలి_టెస్టర్
నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. పోయిన వారం రిజైన్ చేశాను. కొత్తవాళ్లు 30 రోజుల్లో చేరమంటున్నారు. మావాళ్లేమో 90 రోజులూ ఉండాల్సిందే, డబ్బు కట్టి ముందే వెళ్తానన్నా కుదరదంటున్నారు. మా టీమ్‌లోనే ఒక అమ్మాయి ప్రాజెక్ట్ అయిపోయి రెండు నెలలు బెంచ్ మీద, అంటే వేరే ప్రాజెక్ట్ ఇవ్వక ఖాళీగా ఉంది. మీటింగ్ రూమ్‌కి పిలిచి సాయంత్రంలోగా రాజీనామా పెట్టమన్నారు. తనకు ఇచ్చింది ఒక నెల బేసిక్, అంటే అలవెన్సులు లేని మూల జీతం. అదే మేం ముందు వెళ్తే గ్రాస్ మీద, అంటే అలవెన్సులతో కలిపి మొత్తం జీతం మీద కోస్తారు. అగ్రిమెంట్ ఒకటే అయినప్పుడు లెక్కలు రెండెందుకు?

బెజవాడ_చిన్న_కంపెనీ
తమ్ముడూ, ఆ అమ్మాయికి జరిగింది తప్పే. కానీ మా వైపు కూడా విను. 14 మందితో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాను. కిందటేడు బ్యాకెండ్ మొత్తం తెలిసిన కుర్రాడు పది రోజుల్లో వెళ్లిపోయాడు. క్లయింట్‌కి చెప్పిన గడువు తప్పింది, బిల్లులో సగం ఆగిపోయింది. ఆ నెల జీతాలకు ఇంట్లో బంగారం కుదువ పెట్టాను. కొత్త మనిషిని వెతకడానికి ఒక నెల, అతను వచ్చేసరికి ఇంకో మూడు నెలలు. ఇక నోటీసులో కూర్చుని ఆఫర్ మీద ఆఫర్ తెచ్చుకుని, చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తనివాళ్లు ఎంతమందో! 30 రోజులంటే మా బోటివాళ్లం మునిగిపోతాం.

గచ్చిబౌలి_టెస్టర్
అన్నా, మీ కష్టం కాదనను. కానీ మీకు వచ్చేవాడు మూడు నెలలు ఆలస్యమయ్యేది అతనికీ 90 రోజులు ఉండబట్టే కదా. ఆఫర్ల బేరం కూడా అంతే. నెలలో చేరాల్సి ఉంటే అన్ని ఇంటర్వ్యూలకు టైమెక్కడిది?

లేబర్_కోర్టు_లాయర్
ముందు ఆ అమ్మాయి సంగతి. ఆమె చేత రాజీనామా రాయించడంలోనే ఉంది అసలు కిటుకంతా. మన షాపులు, సంస్థల చట్టం 1988లో 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసో ఆ నెల వేతనమో ఇవ్వకుండా తీసేయకూడదు. తానే మానేసినట్టు కాగితం ఉంటే ఆ రక్షణ అడగడం చాలా కష్టం. ఎవరైనా సరే, ఆ గదిలో సంతకం పెట్టకండి. ఇంటికెళ్లి, ‘ఫలానా టైమ్‌కి పిలిచి రాజీనామా అడిగారు, నేను ఒప్పుకోలేదు’ అని మెయిల్ పెట్టండి.

ఇక టెస్టర్ గారి విషయం. వద్దనుకున్న చోట బలవంతంగా పని చేయించమని ఏ కోర్టూ ఆదేశించదు. అలాగని చెప్పకుండా వెళ్లిపోతే నష్టపరిహారం అడగొచ్చు. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్‌లో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ లోపు సమంజసమైనంతే ఇప్పిస్తారు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్లు నిండకుండా మానేసిన అధికారి నుంచి 2 లక్షల రూపాయలు తీసుకోవడం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ బ్యాంకు నియామకాలకయ్యే ఖర్చును, శ్రమను లెక్కలోకి తీసుకుంది. అదే కోర్టు 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో, కారణం చెప్పకుండా మూడు నెలల నోటీసుతో తీసేసే నిబంధనను కొట్టేసింది. బేరమాడే బలం సమానంగా లేనప్పుడు, సంతకం పెట్టావు కదా అంటే సరిపోదంది. అదీ ప్రభుత్వ రంగ సంస్థే, ప్రైవేటు కంపెనీలకు నేరుగా పనికిరాదు.

నిజానికి ఇవి కోర్టు దాకా వచ్చేది తక్కువ. కంపెనీ చేతిలో ఉన్న ఆయుధం రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే ఉత్తరం. అది లేకపోతే తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో ఇబ్బంది అని అందరికీ భయం.

మ్యూనిక్_తెలుగు
ఇక్కడ జర్మనీలో మామూలుగా ఉద్యోగి ఇవ్వాల్సిన నోటీసు నాలుగు వారాలు. కంపెనీ ఇవ్వాల్సింది మాత్రం సర్వీసుతో పాటు పెరుగుతుంది: ఐదేళ్లకు రెండు నెలలు, పదేళ్లకు నాలుగు, 20 ఏళ్లకు ఏడు. కాంట్రాక్టుల్లో ఇద్దరికీ మూడు నెలలు రాయడం ఇక్కడా మామూలే. కానీ ఉద్యోగికి పెట్టే గడువు కంపెనీకి ఉన్నదానికంటే ఎక్కువ ఉండకూడదని చట్టంలోనే ఉంది. నాకైతే సమానం కూడా చాలదనిపిస్తుంది. ఒక మనిషి వెళ్లిపోతే కంపెనీకి పని ఆగుతుంది. ఉద్యోగం పోతే మనిషికి ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు అన్నీ ఒకేసారి ఆగుతాయి.

బెజవాడ_చిన్న_కంపెనీ
ఏడు నెలల జీతం ఇచ్చే శక్తి నాకు లేదండీ, అబద్ధం చెప్పలేను. కానీ మీ అందరి మాటలు చదివి నిన్న మా ఆఫర్ లెటర్ తీసి చూశాను. ఉద్యోగికి 60 రోజులు, మాకు 30 అని ఉంది. ఎక్కడో నెట్‌లో దొరికిన నమూనా, ఎప్పుడూ ఆలోచించలేదు. ఇకపై ఇద్దరికీ 45 రోజులు, కోసినా ఇచ్చినా గ్రాస్ మీదే అని మారుస్తున్నాను. బదులుగా పని అప్పగింతల జాబితా ఒకటి రాసి ఇవ్వాలి. అది పూర్తయితే 45 లోపే పంపిస్తాను.

గచ్చిబౌలి_టెస్టర్
మావాళ్లు ఆ మాత్రం అన్నా చాలు, మూడు వారాల్లో మొత్తం అప్పగించేస్తాను. అన్నా, రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారో కూడా అందులో రాస్తారా?

బెజవాడ_చిన్న_కంపెనీ
రాస్తాను. చివరి పనిరోజు సాయంత్రమే.