క్షయ సోకిన రిమాండు ఖైదీకి బెయిలు ఇవ్వాలా, జైల్లోనే మందులు పూర్తి చేయించాలా?

చిత్తూరు ఉపాధ్యాయుడు:
మా వీధి కుర్రవాడొకడు దొంగతనం కేసులో రిమాండుకు వెళ్లి మూడు నెలలకు బెయిలుపై వచ్చాడు. వెళ్లేటప్పుడు లేని దగ్గు వచ్చేటప్పుడు ఉంది. వచ్చిన పది రోజులకు క్షయ అని తేలింది. ఇంట్లో వాడి అక్క బిడ్డ, ఏడాదిది, వాడి ఒళ్లోనే ఆడుకుంటుంది. నా మాట సూటిగా చెబుతాను. జబ్బున్న ఖైదీని కోర్సు అయ్యేదాకా బయటికి పంపకూడదు. లోపలైతే వార్డరు ఎదుట మాత్ర మింగక తప్పదు. బయట ఎవరు చూస్తారు?

తిరుపతి న్యాయవాది:
మాస్టారూ, మీ ఆందోళన అర్థమైంది. కానీ ఆ కుర్రవాడికి జబ్బు ఉందని జైల్లో ఎవరూ కనిపెట్టనే లేదు కదా! ఇంకో ఆరు నెలలు ఉంచినా ఏ మందు వేసేవారు? మన దేశంలో ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కాలేదు. రోగం పేరు చెప్పి వారి నిర్బంధాన్ని పొడిగించడం రోగానికి శిక్ష వేయడమే. పాత క్రిమినల్ ప్రక్రియా స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 480వ సెక్షన్ జబ్బుపడినవారికి తీవ్రమైన కేసుల్లోనూ బెయిలు ఇచ్చే వెసులుబాటు కోర్టుకు కల్పించింది. ఖైదీలను ఎలా చూసుకోవాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 24వది క్షయను పేరు పెట్టి ప్రస్తావిస్తూ, చికిత్స మధ్యలో తెగిపోకూడదని చెబుతుంది.

పాకాల రైతు:
తప్పు చేయనివాడు ఎక్స్‌రే కోసం తిరుపతి దాకా బస్సెక్కి, ఒక రోజు కూలి పోగొట్టుకుంటున్నాడు. ముందు వాడి సంగతి చూడండి. ఖైదీల సంగతి తర్వాత.

విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, పుత్తూరు:
రైతు గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ క్షయ గాలిలో పోయే జబ్బు. కిక్కిరిసిన బ్యారక్‌లో దగ్గినవాడి గాలినే వార్డరు పీల్చి సాయంత్రం ఇంటికి వెళతాడు. రిమాండు ఖైదీ బెయిలుపై మీ బస్సే ఎక్కుతాడు. ప్రపంచం మొత్తం మీద చూస్తే జైళ్లలో క్షయ బయటికంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. మందులే లేని కాలంలో, 1915 నుంచే, మదనపల్లె ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో రోగులను మంచి గాలి, వెలుతురు ఉన్నచోట ఉంచి చూసుకున్నారు. బ్యారక్‌లో కరువైనవి సరిగ్గా అవే.

ఇక మాస్టారి ప్రశ్న. ముప్పై ఏళ్లు తెమడ పరీక్షలు చేసినవాణ్ణి, ఒక మనిషి గురించి చెబుతాను. ఎర్రచందనం కేసులో పట్టుబడిన జవ్వాది కొండల కూలీ. తమిళం తప్ప రాదు. మందులు మొదలైన రెండో రోజే మూత్రం నారింజ రంగులో రావడంతో రక్తం పోతోందనుకున్నాడు. రిఫాంపిసిన్ అనే క్షయ మందు వేసుకుంటే అలాగే వస్తుందని అతనికి అర్థమయ్యేలా చెప్పినవారు లేరు. నాలుగు రోజులు మాత్రలు నాలుక కింద దాచి, తర్వాత చాప కింద పెట్టాడు. వార్డరు ఎదుటే మాస్టారూ! కుప్పం వైపు ఖైదీ ఒకడు తమిళంలో నచ్చజెప్పాకే మింగడం మొదలుపెట్టాడు.

నెలన్నరకు దగ్గు తగ్గింది, బరువు పెరిగాడు. ఒక శనివారం సాయంత్రం బెయిలు కాగితం వచ్చింది. లుంగీ, తువ్వాలు ఉన్న ప్లాస్టిక్ సంచితో వెళ్లిపోయాడు. మాత్రల పట్టీలు జైలు ఆసుపత్రి అలమరలోనే ఉండిపోయాయి. సోమవారం నేను వెళ్లి చూస్తే వాటి మీద అతని పేరు రాసి ఉంది. రికార్డులో ఊరి పేరు తప్ప ఫోను నంబరు లేదు. అతనేమయ్యాడో నాకు ఈనాటికీ తెలియదు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది.

అందుకే బెయిలు ఇవ్వాల్సిందే అంటాను. అయితే గేటు దాటేటప్పుడు చేతిలో కనీసం నెల రోజుల మాత్రలు, నిక్షయ్ నంబరు, అంటే ప్రభుత్వ క్షయ రోగుల నమోదులో అతని నంబరు, రాసిన కాగితం ఉండాలి. ఆ నంబరుతో ఏ రాష్ట్రానికైనా చికిత్స బదిలీ చేయవచ్చు, తమిళనాడుకు కూడా. విడుదల రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నట్టే మందులు ఇచ్చినట్టు కూడా సంతకం పెట్టించుకోవాలి. ఇక జైల్లోకి వచ్చిన రోజే దగ్గు, జ్వరం, బరువు అడిగి తెమడ పరీక్షకు పంపాలి. ట్రూనాట్ యంత్రం మీద గంటల్లో ఫలితం వస్తుంది. బయటి ఆసుపత్రికి పంపాలంటే ఎస్కార్ట్ పోలీసులు దొరకలేదని వారాలు గడిచిపోవడం నేను కళ్లారా చూశాను.

చిత్తూరు ఉపాధ్యాయుడు:
చాప కింద మాత్రల సంగతి నేను ఊహించలేదు. లోపల ఉంచితే చాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా గేటు దగ్గర మాత్రలు ఇచ్చినంత మాత్రాన మింగుతారన్న నమ్మకం నాకు లేదు, ఇంటికి వెళ్లి అడిగే మనిషి కావాలి. మా కుర్రవాడికి ఆ మనిషిని నేనే అవుతాను. ఆ పసిబిడ్డకు ముందు జాగ్రత్తగా ఏమైనా ఇస్తారా?

విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, పుత్తూరు:
ఇస్తారు. ముందు బిడ్డను పరీక్షించి, జబ్బు లేదని తేలితే ఐసోనియాజిడ్ ఆరు నెలలు వేస్తారు, ఉచితమే. మోతాదు బరువును బట్టి ఉంటుంది. రేపు ఉదయమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి, కుర్రవాడి చికిత్స కార్డు కూడా వెంట ఉంచుకోండి.