కొరియన్ ‘సా’: ఏ వృత్తికి ఏ చైనా అక్షరం?

కొరియన్ లిపి హంగుల్‌లో ‘సా’ అనే అక్షరం ఒక్కటే రూపం, కాని చైనా అక్షరాలతో ఏర్పడిన కొరియన్ పదాల్లో దాని వెనుక వేర్వేరు అర్థాలున్న ఎన్నో చైనా అక్షరాలున్నాయి. నాలుగుకూ మరణానికీ ఇదే ఉచ్చారణ కావడంతో అక్కడి కొన్ని లిఫ్టుల్లో 4 బదులు ‘ఎఫ్’ అని రాస్తారు. అది తేలికే.

నన్ను రెండు నెలలుగా వేధిస్తున్నది వృత్తినామాల చివరి ‘సా’. నిఘంటువులో చూస్తే వైద్యుడికి (ఉయిసా) ‘గురువు’ అనే అక్షరం, న్యాయవాదికి (ప్యొన్హోసా) ‘పండితుడు’, న్యాయమూర్తికి (ఫన్‌సా) ‘కార్యం’ అనే అక్షరం వస్తున్నాయి. న్యాయరంగమంతటికీ ఒకటే ఉంటుందనుకున్న ఊహ అక్కడే చెదిరింది. వైద్యరంగానికి ‘గురువు’ అనుకుంటే నర్సుకు (కన్హోసా) సరిపోయింది గాని, పోషకాహార నిపుణుల (యొంగ్యాంగ్‌సా) దగ్గర మళ్లీ ‘పండితుడు’ ఎదురైంది. పట్టిక రాసుకుని బట్టీ పట్టినా కొత్త పదం రాగానే తప్పుతున్నాను.

ఏ వృత్తికి ఈ మూడింటిలో ఏది వస్తుందో ముందుగా ఊహించడానికి చారిత్రకమైన సూత్రమేదైనా ఉందా?