మెట్రిక్యులేషన్ అంటే పదో తరగతా, కాలేజీలో చేరడమా?

గుంటూరు నాన్న: మా అమ్మాయికి అమెరికాలో ఎం.ఎస్. సీటు వచ్చింది. వాళ్ళ ఫారంలో 'మెట్రిక్యులేషన్ టర్మ్' అని ఒక గడి ఉంది. పదో తరగతి పాసైన సంవత్సరం వేస్తానంటోంది. కరెక్టేనా? తప్పు పడితే వీసా దగ్గర ఇబ్బందేమోనని టెన్షన్‌గా ఉంది.

రైలుకూత: పదో తరగతే సార్. రైల్వే, స్టాఫ్ సెలక్షన్ నోటిఫికేషన్లు చూడండి, 'మెట్రిక్యులేషన్ లేదా 10వ తరగతి' అనే ఉంటుంది. నేవీలో ఎం.ఆర్. అంటే మెట్రిక్ రిక్రూట్. దానికీ పదో తరగతే అర్హత.

పాత పుస్తకం: ఆగండి, ఆ గడిలో పదో తరగతి సంవత్సరం వేయకండి. అమెరికాలో ఆ మాటకు డిగ్రీ కోర్సులో విద్యార్థిగా నమోదు కావడం అని అర్థం. అమ్మాయి ఏ సెమిస్టర్‌లో చేరుతోందో అది వేయాలి. మాట పుట్టుక కూడా అదే. లాటిన్‌లో మాట్రిక్యులా అంటే పేర్ల పట్టిక. ఆక్స్‌ఫర్డ్‌లో కొత్త విద్యార్థులు యూనివర్సిటీ సభ్యులయ్యే వేడుకను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మరి మన దగ్గర బడి చదువుకు ఎలా అంటుకుంది? 1857లో మద్రాసు యూనివర్సిటీ పెట్టినప్పుడు మెట్రిక్యులేషన్ అంటే యూనివర్సిటీ పెట్టే ప్రవేశ పరీక్ష. అది రాసేది బడి చదువు పూర్తయినవాళ్ళు. అందుకని మెట్రిక్ పాసయ్యాడంటే కాలేజీ గుమ్మం దాకా వచ్చాడని లెక్క. రానురాను గుమ్మం మాట పోయి, బడి చివరి తరగతికే ఆ పేరు నిలిచిపోయింది. 1911లో మద్రాసు వైపు ఎస్.ఎస్.ఎల్.సి., అంటే బడి చదువు ముగించినట్టు ఇచ్చే సర్టిఫికెట్, వచ్చింది. కోస్తా పెద్దవాళ్ళ నోట 'ఎస్సెల్సీ' వినిపించేది అందుకే. నిజాం ఇలాకాలో ఉస్మానియా మెట్రిక్ ఉండేది, అక్కడి పెద్దలు ఇప్పటికీ 'మెట్రిక్' అనే అంటారు.

గుంటూరు నాన్న: బతికించారండీ. చేరే సెమిస్టరే వేయిస్తాను.

ఓరుగల్లు: చరిత్ర బాగుంది అన్నా. కానీ ఆ మాట ఇంకా మన పిల్లల మీద రుద్దడం దేనికి? మా మేనమామ కొడుకు ఐ.టి.ఐ.లో చేరాడు. 'పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్' అని చదివి, అది డిగ్రీ వాళ్ళదేమో అనుకుని దరఖాస్తే పెట్టలేదు. ఒక ఏడాది ఫీజంతా మామే కూలి డబ్బుతో కట్టాడు. ఇంటర్, ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ అన్నీ అందులోకి వస్తాయని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్ళే పిల్లవాడికి ఇదా స్వాగతం? ఆ మాట తీసేయాలి.

పాత పుస్తకం: మీ బాధ న్యాయమే తమ్ముడూ. కానీ పేరు తీసేయడానికి ఒప్పుకోను. ఎస్సీ విద్యార్థుల కోసం ఆ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. జీవోలు, కేంద్రం మార్గదర్శకాలు అన్నీ ఆ పేరు మీదే నడుస్తున్నాయి. రాష్ట్రం ఒక పేరు, కేంద్రం ఒక పేరు పెట్టుకుంటే కాగితాల దగ్గర మళ్ళీ నలిగేది ఆ పిల్లలే.

ఓరుగల్లు: జీవోలో ఉంచుకోండి అన్నా, నాకేం అభ్యంతరం లేదు. బడి నోటీసు బోర్డు మీద మాత్రం 'పదో తరగతి తర్వాత ఏది చదివినా' అని తెలుగులో రాయాలి. అదీ రిజల్ట్స్ వచ్చిన వారంలోనే, టీసీ కోసం పిల్లలు బడికి వచ్చినప్పుడే.