అక్షోహిణా, అక్షౌహిణా?

నిన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో, మహాభారతంలో సైన్యాన్ని లెక్కించే కొలత గురించి ఒక ఫార్వర్డ్ వచ్చింది. "అక్షోహిణిలో రథాలు 21,870. అంకెలు కూడితే 18. ఏనుగులూ అంతే. గుర్రాలు 65,610, అదీ 18. కాల్బలం 1,09,350, అదీ 18! పర్వాలు 18, యుద్ధం 18 రోజులు. ఇదంతా యాదృచ్ఛికమా?" అని. లెక్క సంగతి నాకు తెలియదు గానీ, 'అక్షోహిణి' చూసి చెయ్యి ఊరుకోలేదు, 'అక్షౌహిణి' అని దిద్దేశాను. మా పెదనాన్నేమో "అక్ష, ఊహిని కలిస్తే గుణసంధి, ఓకారమే రావాలి" అని పట్టుబట్టారు. ఎవరిది ఒప్పండీ?

— మీదే ఒప్పమ్మా. మీ పెదనాన్నగారి సూత్రం కూడా తప్పు కాదు, ఈ మాటకి పట్టదంతే. నవ, ఊఢ కలిస్తే నవోఢ, అది గుణం. అక్ష మీద ఊహిని వస్తే మాత్రం వృద్ధి, అంటే ఔకారం, రావాలని కాత్యాయనుడు పాణిని సూత్రాలకి చేర్పుగా విడిగా వార్తికం చెప్పాడు: "అక్షాదూహిన్యామ్". ప్ర, ఊఢ కలిసి ప్రౌఢ కావడం కూడా ఇలాంటి మినహాయింపే. అన్నట్టు, కలిశాక చివర 'ని' కాదు, 'ణి'.

— లెక్కల మాస్టారిని, ఆగలేకపోతున్నాను. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బంట్లు: ఇది పత్తి అనే అతి చిన్న దళం, మొత్తం 10. నన్నయ ఆదిపర్వంలో "వరరథ మొక్కండు" అని మొదలయ్యే సీసం దీని గురించే. పత్తికి మూడింతలు సేనాముఖం. అలాగే గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని, మెట్టు మెట్టుకీ మూడింతలు. పత్తి నుంచి ఏడుసార్లు మూడుతో గుణిస్తే 2,187. అనీకిని నుంచి అక్షౌహిణికి ఆఖరి మెట్టు ఒక్కటే పదింతలు, అందుకే రథాలు 21,870, అన్నీ కలిపి 2,18,700. లోపల ఇన్ని మూళ్లు పెట్టుకున్న సంఖ్యలో అంకెలు కూడితే 9 గుణిజం రాక ఏమొస్తుంది? 9 రావాలి, లేదా 18, లేదా 27. ఐదారంకెల సంఖ్యకి 18 రావడం వింతేమీ కాదు. కురుక్షేత్రంలోని పద్దెనిమిది అక్షౌహిణులనూ కలిపి చూడండి: 39,36,600. అంకెలు కూడితే 27. ఫార్వర్డ్ చేసినాయన ఆ ముక్క వదిలేశాడు.

— గుల్మం అంటే మా సైన్సు పుస్తకంలో చిన్న మొక్క కదా మాస్టారూ!

— ఈ గుల్మంలో తొమ్మిది ఏనుగులున్నాయి నాయనా, కుండీలో పట్టదు. అసలు నాకు నచ్చినది వేరే ఉంది. 2,18,700 వర్గసంఖ్య కాదు. ఏడు మూళ్లలో ఒకటి జత లేకుండా మిగిలిపోతుంది. మూడు అక్షౌహిణులు కలపండి, దానికి జత దొరుకుతుంది: 6,56,100, అంటే 810 ఇంటూ 810. ఆ 810 ఎక్కడిదో తెలుసా? ఒక వాహినిలో ఉండేది సరిగ్గా అంతే. వాహినికో వరస చొప్పున నిలబెడితే మూడు అక్షౌహిణులూ నిండు చదరంగా నిలుస్తాయి.

— పెదనాన్నకి 'ప్రౌఢ' చూపించాను, ఒప్పుకున్నారు. 39,36,600 మాత్రం నమ్మలేదు. క్యాలెండర్ వెనక గుణించుకుంటున్నారు.