లవకుశ, బాహుబలి 2 కలెక్షన్లను ఎలా పోల్చాలి?

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వారం నుంచి ఇంట్లో ఒకటే వాదన. తమ్ముడు ఫోన్‌లో బాహుబలి 2 కోట్ల లెక్క చూపిస్తాడు, అమ్మమ్మేమో 1963లో ఊళ్లకు ఊళ్లు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లి లవకుశ చూశాయి, తను మూడుసార్లు చూశాను, దానికి మీ కోట్లేం సాటి అంటుంది. ఆవిడ ట్రంకు పెట్టెలో ఇప్పటికీ గులాబీరంగు నేల టికెట్ ముక్క ఉంది, ధర మాత్రం చెరిగిపోయింది. నాకు అమ్మమ్మ మాటే న్యాయమనిపిస్తోంది, కానీ లెక్కతో చూపించాలి.

ధరల పెరుగుదల కలిపితే సరిపోదు కదా, అప్పుడు కొద్ది ప్రింట్లే నెలల తరబడి ఊరూరా తిరిగేవి, ఇప్పుడు వేల స్క్రీన్లలో ఒకేసారి పడి కొన్ని వారాల్లో అయిపోతుంది. పైగా ఒకరు టికెట్ల మీద వచ్చిన మొత్తం, అంటే గ్రాస్ చెబుతారు, ఇంకొకరు థియేటర్ వాటా పోగా మిగిలిన షేర్ చెబుతారు.

తెగిన టికెట్లను అప్పటి జనాభాతో భాగిస్తే? ఆంధ్రప్రదేశ్ జనాభా 1961లో 3.6 కోట్లు, 2011లో ఉమ్మడి రాష్ట్రానిది 8.46 కోట్లు. మళ్లీ మళ్లీ చూసినవాళ్లని ఎలా లెక్కకట్టాలి? గోదావరి జిల్లాల పాత థియేటర్ల డీసీఆర్‌లు (రోజువారీ కలెక్షన్ రిపోర్టులు) ఎవరి దగ్గరైనా ఉన్నాయా? ఒక్క ఊరిదైనా చాలు, దయచేసి చెప్పండి.