పుట్టగానే ఏడ్చాడు, మరి మెదడుకి దెబ్బ ఎప్పుడు తగిలింది?

మన్నేరు:
మాది కొండపి దగ్గర పల్లెటూరు. మా బాబుకి పద్నాలుగు నెలలు. ఇంకా సొంతంగా కూర్చోడు, కూర్చోబెడితే వెనక్కి వాలిపోతాడు. చంకల కింద పట్టుకుని నిలబెడితే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి, మునివేళ్ల మీద నిలుస్తాడు. చేతులు బాగానే ఉన్నాయి. మొన్న నా ఒళ్లో ఉండి మరమరాలు ఒక్కొక్కటే రెండు వేళ్లతో ఏరి నా నోట్లో పెట్టాడు.

31 వారాలకే పుట్టాడు. నాకు బీపీ ఎక్కువై ముఖం, కాళ్లు వాచిపోతే ఒంగోలు తీసుకెళ్లారు. పిరుదులకి రెండు పక్కలా ఇంజెక్షన్లు వేశారు, భగ్గున మండాయి. తర్వాత ఆపరేషన్. బాబు ఏడవడం నా చెవులతో విన్నాను. బరువు కేజీ రెండొందలు. ఐదు వారాలు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇప్పుడు ఎమ్మారై తీసి పెరివెంట్రిక్యులర్ ల్యూకోమలేషియా అని రాశారు. ఆక్సిజన్ చాలక మెదడు కణాలు దెబ్బతిన్నాయన్నారు. బయట పాతికమంది కూర్చుని ఉన్నారు, ఇంకేం అడగలేకపోయాను.

ఐదో నెల దాకా పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లాను. అదే కారణమని మా అత్తగారు అంటున్నారు. గ్రహణం నాడు బయటికొచ్చావని మా ఆడపడుచు. పుట్టగానే ఏడ్చిన బిడ్డకి ఊపిరి అందకపోవడం ఏంటి? ఆ కణాలన్నీ చచ్చిపోయినట్టేనా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి నాన్న:
చెల్లెమ్మా, మా పాపది వేరే కథ. నెలలు నిండే పుట్టింది కానీ ఏడవలేదు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. ఆరు గంటల్లోపు చేర్చాలంటే అంబులెన్స్‌లో నెల్లూరు పరుగెత్తాం. మూడు రోజులు ఒళ్లు 33.5 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచారు. వేలు పట్టుకుంటే బావి నీళ్లలో చెయ్యి పెట్టినట్టుండేది. ఆక్సిజన్ ఆగినప్పుడు కొన్ని కణాలు అప్పుడే పోతాయని, మిగిలినవి తేరుకున్నట్టే ఉండి కొన్ని గంటలకో మర్నాటికో కూలిపోతాయని, ఆ రెండో దెబ్బ తగ్గించడానికే ఈ చల్లదనమని డాక్టరుగారు చెప్పారు. నెలలు తక్కువ పిల్లలకి అది చెయ్యరట. మీ బాబు సంగతి పెన్నా ఒడ్డు అక్క చెప్తే బాగుంటుంది, ఆమె నర్సు.

పెన్నా ఒడ్డు:
అమ్మా, నెల్లూరులో పసిపిల్లల వార్డులో 22 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నీది నా చిన్నకూతురి వయసే ఉంటుంది, అందుకే నువ్వు అంటున్నాను.

ముందు ఏడుపు సంగతి. కడుపులో బిడ్డ ఊపిరి తియ్యదు, ఊపిరితిత్తుల నిండా నీరే. ఆక్సిజన్ అంతా మాయ నుంచి బొడ్డుతాడులో రక్తంతో రావాలి. పుట్టగానే ఏడ్చాడంటే ఆ నిమిషంలో ఊపిరి బాగుందని అర్థం. అంతకుముందు వారాల్లో మాయ ఎంత పంపిందో ఆ ఏడుపు చెప్పదు. పుట్టాక పెట్టెలో ఉన్న రోజుల్లో బిడ్డ బీపీ పడిపోయినా మెదడుకి ఇదే దెబ్బ తగలొచ్చు. మాయకి రక్తం తెచ్చే నాళాలు గర్భం మొదటి సగంలోనే వెడల్పు కావాలి, నీకొచ్చినలాంటి బీపీలో అవి సరిగా కావు. నీ కాళ్లు వాచేసరికి ఆ పని ఎప్పుడో జరిగిపోయింది. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఇది మీ ఆడపడుచుకి చదివి వినిపించు.

ఇక కణాలు. సాగర్ కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టు కదా, మీ జిల్లావాళ్లకి నేను చెప్పాలా! మెదడు లోపల నీటి గదులుంటాయి. ఎమ్మారైలో రాసిన ఆ పెద్ద పేరు ఈ గదుల చుట్టూ తగిలిన దెబ్బకే. నెలలు నిండని బిడ్డలో వాటి అంచులు రక్తానికి చివరి భూములు. సరిగ్గా అక్కడే, 24 నుంచి 32 వారాల మధ్య, నరాల దారాలకి తొడుగు వేసే కణాలు పసిగా ఉంటాయి. ఆక్సిజన్ తగ్గితే కణంలోని ఉప్పునీ కాల్షియాన్నీ బయటికి తోడే పంపులు ఆగిపోతాయి. కాల్షియం లోపల నిండి కణాన్ని తినేస్తుంది. ఈ పసి కణాలు దానికి అసలు తట్టుకోలేవు.

కొన్ని చచ్చిపోతాయి, నిజమే. వాటి చోట కొత్తవి పుడతాయి కూడా. కానీ అవి సగం ఎదిగి ఆగిపోతాయి, తొడుగు వెయ్యవు. తొడుగు లేని బోరు కేబులు ఎలా ఉంటుందో ఊహించు, మోటారు బాగున్నా కరెంటు సరిగా అందదు. కాళ్లకి వెళ్లే దారాలు ఆ గదుల అంచునే పోతాయి, చేతులవి కాస్త దూరంగా. మీ వాడి కాళ్లు బిగుసుకుని, మరమరాలు ఏరే వేళ్లు బాగుండడానికి కారణం అదే.

ఇంకొకటి. 2017లో అమెరికాలో ఒరెగాన్ శాస్త్రవేత్తలు గొర్రె కడుపులోని పిల్లలకి పాతిక నిమిషాలు ఆక్సిజన్ తగ్గించి, నెల తర్వాత మెదడు చూశారు. వైరింగుకి దారి చూపే ఒక రకం కణాలు చావలేదు, కానీ వాటికి కొమ్మలు తక్కువ మొలిచాయి. దెబ్బతినడం అంటే ప్రతిసారీ చావడం కాదు. నాకు ఇది చాలా పెద్ద మాట అనిపిస్తుంది.

పొగాకు గురించి దాచను. ఆకు ఎండబెట్టే బ్యారన్ పొగ, పచ్చి ఆకు చెమ్మ కడుపుతో ఉన్నవాళ్లకి మంచిది కాదు, ఎవర్నీ అక్కడ కూర్చోబెట్టకూడదు. కానీ నువ్వు రాసినదాంట్లో కనిపిస్తున్న కారణం బీపీ. కూలికి వెళ్లిన దానికి నిన్ను నేరస్తురాల్ని చెయ్యడం అన్యాయం. కాన్పు చేసినవాళ్లనీ తిట్టొద్దు. 1860లలోనే లండన్ డాక్టర్ లిటిల్ ఈ బిగుసుకుపోయే కాళ్లకి కష్టకాన్పు కారణమన్నాడు. కానీ 1897లో, మనసు జబ్బుల వైద్యుడిగా పేరుపడ్డ ఫ్రాయిడ్, అసలు తేడా కడుపులోనే మొదలై ఉండొచ్చని రాశాడు. మండిన ఆ ఇంజెక్షన్లు మెగ్నీషియం అయి ఉంటాయి. తల్లికి ఫిట్స్ రాకుండా వేస్తారు, నెలలు నిండని బిడ్డ మెదడుకీ అది కాపుదల. అది పడకపోతే ఇంకా ఎక్కువ దెబ్బ తగిలేదేమో.

వాకర్ బండి కొనొద్దు, మునివేళ్ల నడక ముదురుతుంది. ఫిజియోథెరపీ ఈ వారమే మొదలుపెట్టు. పిల్లల ఎదుగుదల లోపాలకి చికిత్స చేసే జిల్లా డీఈఐసీ కేంద్రానికి ఎలా వెళ్లాలో ఆశా వర్కర్‌ని అడుగు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం మండలంలో ఉందేమో కనుక్కో. కళ్లు చూపించావా?

మన్నేరు:
లేదక్కా, కళ్ల డాక్టర్‌కి ఒక్కసారే చూపించాం, పెట్టెలో ఉన్నప్పుడు. మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, వాణ్ని ఎత్తుకుని అరుగు మీదికి తీసుకెళ్లాడు. మళ్లీ బిడ్డ అంటే మాత్రం భయంగా ఉంది.

పెన్నా ఒడ్డు:
కళ్లు మళ్లీ చూపించు, ఈ జబ్బులో చూపు కూడా తేడా వస్తుంటుంది. ఇంకో బిడ్డ అనుకున్నప్పుడు నెల తప్పగానే పాత కాగితాలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. 12 నుంచి 16 వారాల మధ్య చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడితే ఈ బీపీ వచ్చే అవకాశం తగ్గుతుంది. డాక్టరు రాస్తేనే, సొంతంగా కాదు.

థెరపీకి వెళ్లేటప్పుడు మరమరాల పొట్లం తీసుకెళ్లు. ఎదురుగా పళ్లెంలో పోస్తే, ఏరడానికి వాడే ముందుకు వంగుతాడు. నీ నోట్లో పెట్టనివ్వు, వాడి నోట్లోకి మాత్రం పోనివ్వకు.