అప్‌డేట్: కడప పిల్లల కాగితం ఈసారి చిరగలేదు

పోయిన నెల అడిగింది నేనే. మా ఏడో తరగతి పిల్లలు పాత నోటుపుస్తకాలతో చేసిన కాగితం గుడ్డ మీద నుంచి తీయగానే చిరిగిపోతోంది, ఏం చేయాలని. జవాబు చెప్పిన అందరికీ దండాలు.

తప్పు మిక్సీ దగ్గరే జరిగింది. గుజ్జు వెన్నలా రావాలని తెగ తిప్పేవాణ్ణి, పోగులు తెగి పొట్టివైపోయేవి. ఇప్పుడు రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి, ఆపి ఆపి కొద్దిసేపే తిప్పుతున్నాం. ఒక అక్క చెప్పినట్టు అరటి నార కూడా కలిపాం. పులివెందుల వైపు తోటల్లో గెల కొట్టాక బోదెలకు కొదవేముంది! నారను బట్టల సోడాతో ఉడికించి కడగడం మాత్రం ఇంట్లో నేనే చేశాను. అది పిల్లల చేతికిచ్చే పని కాదు.

దోమతెర బిగించిన చట్రాన్ని తొట్టిలో ముంచి, మట్టంగా పైకెత్తి, నీళ్లు కారుతుండగానే అటూ ఇటూ మెల్లగా ఊపాలి. పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకునేది అప్పుడే. ఈ ఒక్క ఒడుపు కోసం రెండు పీరియడ్లు పోయినా నాకు బాధ లేదు.

ఆరాక పలచని గంజి పూస్తే ఇంకు పాకడం ఆగింది. కుట్టు సులువే: మడత మీద మూడు రంధ్రాలు, మైనం పట్టించిన దారం.

తాళపత్రాలనూ ఇట్లే కుట్టేవాళ్లా సార్ అని ఒక పాప అడిగింది. లేదమ్మా, ఆకులకు రంధ్రం చేసి తాడు గుచ్చేవాళ్లని చెప్పాను. అట్లాంటి ప్రతులెన్నో సి.పి. బ్రౌన్ మన కడపలోనే కాగితం మీదికి రాయించాడంటే పిల్లలు నమ్మలేదు. వచ్చే శనివారం బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకుపోతున్నా. తాము కుట్టిన పుస్తకాల్లోనే అక్కడ చూసింది రాసుకుంటారంట.